కుడి చెయ్యి లేని గౌను

పోయిన వారం మనం సవితను అద్దం ముందు వదిలిపెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఒంటిమీద నీలం గౌను. మెడదాకా గుండీలు, నడుము దగ్గర బిగింపు, కింద నేల ఊడ్చే కుచ్చిళ్ళు, వెనక జీరాడే తోక, భుజాల దగ్గర పూరీలా పొంగి మోచేతి కిందికి వచ్చేసరికి ఒంటికి అతుక్కుపోయే చేతులు. ఒకప్పటి బంగారు గని దొరల క్లబ్బు హాలు గోడమీద వందేళ్ళనాటి ఫోటోలో దొరసాని ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఒక్కటే తేడా. ఫోటోలో దొరసాని కుడి చేత్తో గొడుగు ఎత్తి పట్టుకుంది. సవిత కుడి చెయ్యి పైకి లేవడం లేదు.

ఎందుకు లేవదో పోయిన వారం చివర్లో మీకు తెలిసింది, ఆ పిల్లకూ అప్పుడే తెలిసింది. గౌనుకు ఆమె కుట్టినవి రెండూ ఎడమ చేతులే.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళు, ఎంత తెలివితక్కువ పిల్లమ్మా అని నవ్వకండి. ఆండర్సన్‌పేటలో గని పనివాడి కూతురు సవిత మాలూరు బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి చొక్కాలకు చేతులు కుట్టింది. చేతులంటే రెండూ కాదు. ఆ లైనులో ఎడమ చేతుల కట్టలు ఒక మిషనుకు వస్తాయి, కుడి చేతుల కట్టలు పక్క మిషనుకు పోతాయి. సవితది ఎడమ. పక్కన కూర్చునే అర్పితది కుడి. ఒకరోజు సూపర్‌వైజర్‌తో మాటామాటా పెరిగి, జన్మలో ఒక బట్ట మొత్తం కుట్టిన మొహమేనా నీది అని అతను అందరి ముందూ అనేశాడు. సవిత మిషను ఆపి లేచి వచ్చేసింది. ఒకే కంచంలో తిని ఒకే మంచం మీద పడుకున్న స్నేహితురాలు అర్పిత మాత్రం తలెత్తకుండా కుడి చేతులు కుట్టుకుంటూనే ఉండిపోయింది. ఆనాటి నుంచి సవిత ఆ పేరు ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఊరుకుందా, అదీ లేదు. క్లబ్బుకు నూరేళ్ళు నిండిన పండగకని సెక్రెటరీ నందీశ్ పాతకాలం వేషాల ఊరేగింపు పెట్టాడు. పెద్దిళ్ళవాళ్ళు దొరలు, దొరసానులు. ఆండర్సన్‌పేట మగవాళ్ళు కూలీలు, ఆడవాళ్ళు తెల్లచీరల్లో వెనక నడిచే ఆయాలు. మీటింగులో సవిత లేచి నేనూ దొరసానిగానే వస్తాను, నా గౌను నేనే కుట్టుకుంటాను అంది. జనం నవ్వారు. ఆ నవ్వుకు మండిపోయి, ఫోటోలో మాదిరి కుడితే మా వీధి ముందు నడవాలి, కుట్టలేకపోతే వీధిలో ఆడవాళ్ళందరం ఆయాలమై వెనక నడుస్తాం అని పందెం కాసింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. నందీశ్ భార్య వీణ కూడా గౌను కుట్టిస్తోంది. ఆదివారం సాయంత్రం రెండు గౌన్లూ ఆ ఫోటో పక్కన నిలబడాలి, గొడుగు ఎత్తి చూపించాలి. సరిగ్గా ఉన్నది ముందు నడుస్తుంది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం.

సవిత ఏడవలేదు. ఏడుపు వచ్చింది గానీ దాన్ని మింగి, గౌను విప్పి, బ్లేడుతో కుడిచంక కుట్టు విప్పింది. ఆ చెయ్యిని తిరగేసి కుట్టొచ్చా అని చూసింది. కుదరలేదు. లైనులో పడ్డ అలవాటు ప్రకారం కుట్టు పడగానే మిగులు బట్టను అంచుకంటా కత్తిరించేసింది. ఇప్పుడు పట్టుకోవడానికి అంచే లేదు. విప్పిన చెయ్యి పోగులు పోగులుగా ఊడిపోయింది.

మిగిలినది ఒక్క ముక్క. సరిగ్గా ఒక్క చెయ్యికి సరిపోతుంది. ఈసారి జాగ్రత్తపడింది. ఎడమ చెయ్యి గీసిన కాగితాన్ని తిరగేసి పెడితే కుడి చెయ్యి వస్తుంది, అంతే కదా అని తనకు తానే చెప్పుకుంది. కాగితం తిరగేసింది. సుద్దతో గీసింది, కోసింది, పొంగు దగ్గర కుచ్చులు పెట్టి పక్క కుట్టు కూడా వేసేసింది. మంచం మీద కూర్చుని వక్కాకు నములుతున్న అవ్వ మారమ్మ ఆ చెయ్యిని అందుకుని, తన ముడతల చేతికి తొడుక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదీ ఎడమదే కదమ్మా" అంది.

సవితకు నమ్మబుద్ధి కాలేదు. చూస్తే నిజమే. కాగితం తిరగేసింది సరే, బట్టను పరిచేటప్పుడు అలవాటు కొద్దీ దాన్ని కూడా తిరగేసి పరిచింది. రెండూ తిరగేసేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది. తల ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చేశాయి. ఆమె ఫ్యాక్టరీని వదిలిపెట్టింది గానీ ఫ్యాక్టరీ ఆమె చేతులను వదిలిపెట్టలేదు.

ఇక బట్ట లేదు. అంగడికి పోయి కొనుక్కొచ్చే బట్ట కాదు ఇది. గని నడిచిన రోజుల్లో కంపెనీ యూనిఫారం కోసమని పనివాళ్ళకు ఏటా దళసరి నీలం డ్రిల్లు బట్ట ఇచ్చేది. కొందరు కుట్టించుకునేవాళ్ళు, కొందరు ట్రంకుపెట్టెల్లో దాచుకునేవాళ్ళు. గని మూతపడ్డాక ఆ బట్టను వేసుకోవడానికి మనసు రాలేదు, పారేయడానికీ మనసు రాలేదు. సవిత ఇల్లిల్లూ తిరిగి అడిగితే వీధిలో ఆడవాళ్ళు పెట్టెలు తెరిచారు. సొన్నమ్మ ఇచ్చింది వీపు భాగమైంది. చిన్నవెంకటమ్మ ఇచ్చింది ముందు కుచ్చిళ్ళయింది. ఇవ్వనిది ఒక్క మునేషే, అంటే సవిత కన్నతండ్రే. గని మూసేదాకా లోపలికి దిగినవాడు, ఇప్పుడు ఆ క్లబ్బు గేటు దగ్గరే వాచ్‌మన్. దొరసాని బట్ట నా గడపలో కుడతారా అని మొదటిరోజు ఒకే మాట అన్నాడు. ఆ తర్వాత గౌను ఉన్న వైపు చూడటం కూడా మానేశాడు. ఇప్పుడు కూడా వాకిట్లో కూర్చుని సైకిల్ చైనుకు నూనె రాస్తున్నాడు.

ఆయన లేచి నిలబడిన చప్పుడైంది. సవిత తలుపు వైపు చూసింది. గడపలో వీణ.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఒళ్ళు దాచుకోవడానికి సవిత గబగబా తొడుక్కున్నది ఆ గౌనే. కుడి చెయ్యి లేని గౌను. కుడివైపు చంక దగ్గర గుండ్రంగా బొక్క, అందులోంచి ఉత్త చెయ్యి.

వీణ నవ్వుతుందని సవిత ఎదురుచూసింది. వీణ నవ్వలేదు. సందు మొదట్లో కారు ఆపి నడిచి వచ్చినట్టుంది, చెప్పులకు దుమ్ము. మారమ్మ చాప వేస్తే కూర్చుంది, ఇచ్చిన మజ్జిగ తాగింది. ఆ తర్వాత సవిత చుట్టూ తిరిగి గౌనును చూసింది. ఎడమ చెయ్యి దగ్గర ఆగి, భుజం మీద పొంగును, మణికట్టు దగ్గర బిగింపును వేలితో తడుముతూ చాలాసేపు నిలబడింది. ఆ చూపులో ఎగతాళి లేదు, ఆకలి ఉంది. ఆమెకంత ఆకలి ఎందుకో సవితకు అప్పుడు అర్థం కాలేదు.

వీణ నిదానంగా మాట్లాడే మనిషి. గొడవకు రాలేదని చెప్పింది. ఇంత అందంగా కుట్టిన గౌను ఒక్క చెయ్యి కోసం పాడైపోతే చూడలేనంది. గౌను తనకిస్తే బెంగళూరులో తెలిసిన టైలరు చేత రేపు మధ్యాహ్నానికల్లా కుడి చెయ్యి పెట్టించుకుంటానంది. కుట్టింది సవితేనని మైకులో చెప్పిస్తానంది. పందెం మాట మీ వీధివాళ్ళకు ఎవరూ గుర్తు చేయరని కూడా అంది.

"మరి నేను?" అంది సవిత.

"నువ్వు నా వెనకాలే ఉంటావు. ఈ తోక ఇంత పొడుగుంది కదా, ఎవరో ఒకరు పట్టుకోవాల. తెల్లచీర కట్టుకొని నువ్వే పట్టుకుందువు. కుట్టిన చేతులతోనే పట్టుకుంటే చూసేవాళ్ళకూ బాగుంటాది."

మాటలో విషం లేదు. నిజంగా మంచి ఆలోచనే చెబుతున్నానని ఆమె అనుకుంటోంది. అదే సవితకు ఎక్కువ మండింది. ఇవ్వనని చెప్పింది. ఫోటో పక్కన ఒంటిచేతి గౌనుతో నిలబడి ఓడిపోతే ఓడిపోతాను గానీ, నా గౌను తోక నేనే పట్టుకుని ఇంకొకరి వెనక నడవనంది.

వీణ వాకిట్లో నిలబడ్డ మునేష్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నీకోసం కాదు సవితా, మీ నాయన కోసం ఆలోచించు. మీటింగులో నువ్వు లేచి మాట్లాడినప్పటి నుంచి కమిటీలో కొందరు అడుగుతుండారు, గేటు కాడ మనిషిని మార్చేద్దామా అని. ఆయనే అడ్డం పడి ఆపుతుండాడు. రేపు నలుగురిలో ఇంగ రచ్చ అయితే ఆయన మాత్రం ఎంతని ఆపుతాడు?"

ఆయన అంటే నందీశ్. ఈ మాట బెదిరింపో, నిజంగా హెచ్చరికో సవిత తేల్చుకోలేకపోయింది. ఏదైనా ఒకటే. గని మూతపడ్డాక మునేష్ ఎక్కని గుమ్మం లేదు. బెంగళూరులో మూటలు మోశాడు, ఇటుకల బట్టీలో పనిచేశాడు, ఊపిరి ఆడక తిరిగి వచ్చాడు. గేటు దగ్గర కూర్చునే పని దొరికాకే ఆయన దగ్గు కొంచెం తగ్గింది. తన పొగరు తనది. దానికి ఆయన కుర్చీని పణంగా పెట్టే హక్కు తనకెక్కడిది? ఎంత తెగించిన మనిషికైనా ఒక చోట కాలు ఆగుతుంది. సవితకు అక్కడ ఆగింది.

ఆమె చెయ్యి మెడ దగ్గరి గుండీ మీదికి పోయింది. ఒక గుండీ తీసింది. రెండోది తీసింది.

"విప్పొద్దు."

మునేష్ లోపలికి వచ్చాడు. చేతులకు నూనె మరకలు. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆయన గౌను వైపు చూశాడు. పైనుంచి కిందిదాకా, వీపు భాగం, ముందు కుచ్చిళ్ళు, ఏ ముక్క ఏ ఇంటిదో గుర్తుపడుతున్నట్టు నిలబడి చూశాడు. ఇది సొన్నమ్మ మొగుడికి ఇచ్చిన బట్ట కదా అన్నాడు. అవును నాయనా అంది సవిత. ఆ మొగుడు గనిలో నుంచి పైకి రాలేదని ఆ ఇంట్లో ఉన్న అందరికీ తెలుసు, వీణకు తప్ప.

ఆయన వీణ వైపు తిరిగి, నెమ్మదిగానే, గేటు దగ్గర రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పాడు.

"అమ్మా, కుర్చీ మీది. కావాలంటే రేపు పొద్దున్నే తీసేయండి, నేను ఏమీ అనుకోను. గౌను నా బిడ్డది. అది ఎవురి వెనకా నడవదు."

వీణ మొహం ఎర్రబడింది. తాను ఆ ఉద్దేశంతో అనలేదంది. అనలేదని మునేష్ కూడా ఒప్పుకున్నాడు. ఆమె లేచి, గడప దాటబోతూ మళ్ళీ ఒక్కసారి ఆ ఎడమ చెయ్యి వైపు చూసి, రేపటిదాకా టైముంది, ఆలోచించుకోమని వెళ్ళిపోయింది.

మునేష్ నేరుగా తన ట్రంకుపెట్టె దగ్గరికి పోయాడు. తాళం తీశాడు. పాత దుప్పట్ల అడుగు నుంచి ఒక అంగీ, దాని కింద ఒక ప్యాంటు తీశాడు. కంపెనీ నీలం. వెలిసిపోయి బూడిదరంగుకు దగ్గరయ్యాయి. అంగీ కాలర్ మడతలో గని మట్టి ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. ఆఖరి షిఫ్టు దిగిన రోజున ఆయన ఒంటిమీద ఉన్నవి అవే. ఆ రోజు ఇంటికొచ్చి విప్పి, ఉతకనివ్వకుండా దాచిపెట్టాడని మారమ్మ చెబితే సవిత చాలాసార్లు వింది గానీ చూడటం ఇదే మొదలు.

ఆయన వాటిని మిషను మీద పెట్టాడు. ఇందులో ఒక చెయ్యి వస్తుందా అని అడిగాడు. సవిత వీపు ముక్క కొలిచింది. పొంగుకు అంగీ వీపు, కింది బిగుతు భాగానికి ప్యాంటు కాళ్ళు, అతికితే వస్తుంది. కానీ రంగు కలవదు. గౌను ముదురు నీలం, ఇది వెలిసిన నీలం. దూరం నుంచి చూసినా కుడి చెయ్యి వేరేగా కనబడుతుంది.

"కనబడనీ" అన్నాడు మునేష్. "గని నుంచి పైకి వచ్చినప్పుడంతా గేటు కాడ ఈ అంగీ విప్పించి దులిపేవాళ్ళు. బంగారం రవ్వ ఏమన్నా దాచుకున్నానేమో అని. అందరి ముందర, దినామూ. నేను ఒగనాడూ నోరు ఎత్తలేదు. రేపు ఇది నా బిడ్డ ఒంటిమీద ఉంటాది. దీన్ని ఎవురు విప్పమంటారో నేనూ గేటు కాడ నిలబడి చూస్తాను."

అంతసేపు మాట్లాడేసరికి ఆయనకు దగ్గు వచ్చింది. మారమ్మ నీళ్ళు ఇచ్చింది. సవిత ఆ అంగీని మొహానికి ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ నాయనకు తన గౌనంటే అసహ్యమనుకుంది. ఆయనకు అసహ్యం గౌనంటే కాదని, తలవంచుకుని నిలబడ్డ ఆ రోజులంటేనని ఇప్పుడు తెలిసింది.

సరే, బట్ట దొరికింది. ఇక కోయాలి.

కత్తెర చేతిలోకి తీసుకుంది. కాగితం తిరగేసింది. బట్ట తిరగేయలేదు. మళ్ళీ అనుమానం వచ్చింది, కాగితం ముందే తిరగేసి ఉందేమో అని. మామూలుగా పెట్టింది. అదీ తప్పనిపించింది. ఇంతకుముందు పాడైంది వీధివాళ్ళు ఇచ్చిన ముక్క, ఇది పాడైతే నాయన ఆఖరి షిఫ్టు. ఇందులో ఇంకో ముక్క ప్రపంచంలో ఎక్కడా లేదు. కత్తెర నోరు తెరిచి బట్టకు ఆనించింది, కోయకుండానే వెనక్కి తీసుకుంది. కుడి చెయ్యి ఎలా వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషి ఆమెకు తెలిసి ఒక్కతే.

పేరు ఎత్తనని ఒట్టు పెట్టుకున్న మనిషికి ఫోను చేయడమంటే సవితకు పళ్ళు పీకించుకున్నట్టే. సందులోకి పోయింది, తిరిగి వచ్చింది. వద్దనుకుంది, మళ్ళీ అంగీ వైపు చూసింది. బంగారం తీసేశాక గని పోసిన సైనైడు మట్టిదిబ్బల మీద నుంచి గాలి లేచి కిటికీలోంచి సన్నటి ఇసుక రాలుతుంటే, అంగీ మీద దుప్పటి కప్పి, చివరికి ఆ నంబరు నొక్కింది. ఒక్క మోతకే అర్పిత ఎత్తింది.

"మీ సందు మొదట్లోనే ఉండాను" అంది అర్పిత. "లోపలికి వచ్చేదానికి ధైర్యం లేక నిలబడి ఉండాను. వచ్చేదా?"

చంకలో సంచితో అర్పిత వచ్చింది. మనిషి చిక్కిపోయింది. గడప ఇవతలే నిలబడి, ఆ దినం తలెత్తి ఉంటే నన్నూ పంపించేస్తారని భయపడ్డాను, అంతకంటే వేరే ఏమీ లేదు అని ఒక్క గుక్కలో చెప్పేసింది. సవితకు అనడానికి చాలా ఉంది గానీ, అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తాను ఫోను చేయకముందే ఈమె ఇక్కడెందుకుంది?

అర్పిత సంచి విప్పింది. అందులోంచి ఎర్రటి శాటిన్ బట్టతో కుట్టిన చెయ్యి తీసింది. భుజం దగ్గర పొంగు, కింద బిగుతు. తర్వాత ఇంకొకటి తీసింది. రెండూ మిషను మీద పక్కపక్కన పెట్టింది.

రెండూ కుడి చేతులే.

వీణ గౌను కుడుతున్నది అర్పితేనట. మాలూరు నుంచి ఒక పనిమనిషి ద్వారా పిలిపించుకుని, ఫోటోలో మాదిరి కుట్టిస్తే పేటలో కుట్టు అంగడి పెట్టిస్తానని వీణ మాటిచ్చిందట. పొద్దున గౌను తొడిగి చూస్తే ఎడమ చెయ్యి పైకి లేవలేదు. రెండోసారి కోసినా కుడి చెయ్యే వచ్చింది. ఎడమ చెయ్యి కుట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వీణ అడిగితే, ఏడుస్తూ సవిత పేరు చెప్పింది. అందుకే వీణ అర్పితను కారులో ఎక్కించుకుని ఈ ఇంటికి వచ్చింది; బెంగళూరు టైలరన్నది ఉత్త మాట. అందుకే ఆ ఎడమ చెయ్యిని అంతసేపు తడిమింది.

ముందు నవ్వింది మారమ్మ. వక్కాకు రసం పమిటమీద పడేదాకా నవ్వింది. మునేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నీ కుడి చెయ్యి నేను కోసి కుట్టి ఇస్తాను" అంది అర్పిత. "నా ఎడమ చెయ్యి నువ్వు చెయ్యాల. మన ఇద్దరికీ వేరే దోవ లేదు సవితా. శాటిన్ కూడా అయిపోయింది, అదొకటి. ఏదో ఒగ బట్ట చూసి అతకాల."

సవిత ఆలోచించింది. ఎడమ చెయ్యి ఇస్తే వీణ గౌను పూర్తవుతుంది. శాటిన్ గౌను, పెద్దింటి గౌను రేపు ఫోటో పక్కన నిలబడుతుంది. వీధి ఆడవాళ్ళు తెల్లచీరలు కట్టుకోవాల్సి రావొచ్చు. ఇవ్వకపోతే తనకు కుడి చెయ్యి లేదు, అర్పితకు అంగడి లేదు. కుడితిలో పడ్డ ఎలుకలాంటి పరిస్థితి. కానీ ఎలుకకు లేనిదొకటి సవిత దగ్గరుంది. మంచం మీద, అవ్వ పక్కన, ఇందాక పొరపాటున కుట్టిన నీలం చెయ్యి చెక్కుచెదరకుండా పడి ఉంది.

ఆమె దాన్ని తీసి అర్పిత ఎర్ర శాటిన్ మీద పెట్టింది.

"ఎడమ చెయ్యి కొత్తగా కుట్టేదేమిటికి? కుట్టింది ఉండాది కదా. తీసుకుపో."

అర్పిత నోరు తెరిచింది. "ఇది కంపెనీ బట్ట. గనివాళ్ళ బట్ట. ఎర్రగౌనుకు దీన్ని పెడితే ఆమె వేసుకుంటాదా?"

"వేసుకోకుంటే ఆమెకూ నా మాదిరే ఒంటిచెయ్యి. నా గౌనులో మా నాయన అంగీ కనబడతాది. ఆమె గౌనులో మా వీధి కనబడనీ. ఇంగ ఎవురు ముందు నడిస్తే ఏమి, ముందు నడిచేది మేమే."

అర్పిత చూపు సవిత వెనక్కి పోయింది. మునేష్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. సందు మొదట్లో కారులో అర్పిత కోసం ఎదురుచూసి విసిగిపోయిందో ఏమో, వీణ మళ్ళీ గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఎర్రటి శాటిన్ మీద ముదురు నీలం చెయ్యిని చూస్తోంది.

సవిత ఆ చెయ్యిని ఎత్తి, భుజం వైపు నోరు వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"పెట్టక్కా, సరిపోతాదేమో చూద్దాం."

వీణ లోపలికి వచ్చి, మిషను ముందు నిలబడి, ఎడమ చేతి బంగారు గాజులు ఒక్కొక్కటే తీసి మారమ్మ పక్కన మంచం మీద పెట్టసాగింది. మణికట్టు దగ్గర ఆ చెయ్యి అంత బిగుతు, గాజులుంటే దూరదు. ముత్తైదువ చెయ్యి బోసిగా ఉంచకూడదమ్మా అని మారమ్మ గొణిగింది. వీణ వినిపించుకోలేదు. ఒక్క గాజు మిగిలింది. దాని మీద వేళ్ళు పెట్టి ఆగింది.

"వేసుకుంటాను సవితా" అంది వీణ. "కానీ ఊరికే కాదు."